ఎర్ర చుక్క తగ్గిన తేదీ

కళ్యాణదుర్గం,
22 ఫిబ్రవరి 2026, ఆదివారం.

చి. ల. సౌ. పుష్పావతికి నీ భర్త లక్ష్మీపతి దీవెనలతో రాసేది. ఇక్కడ నేను బాగున్నాను. ఇల్లు బాగుంది, మిద్దె బాగుంది, మిద్దె మీద గుడ్డ కప్పుకొని నిలబడ్డ టెలిస్కోపు కూడా బాగుంది. బాగాలేనిది పిల్లి ఒక్కటే. నువ్వు బస్సెక్కిన రోజు నుంచి అది నా చేతి పాలు ముట్టకుండా పక్కింట్లో మకాం పెట్టింది. అక్కడ హుబ్బళ్లిలో నువ్వు, మీ అక్క, మీ అక్కకు వేసిన కొత్త తుంటి, ముగ్గురూ క్షేమమని తలుస్తాను.

నీ ఉత్తరం మంగళవారం చేరింది. రోజూ ఫోన్లో మాట్లాడుకునేవాళ్ళకు మళ్ళీ ఉత్తరాలేమిటని పోస్టుమ్యాన్ నవ్వాడు. మీ అక్క నల్లమ్మ వదినకు చెవులు మందగించినప్పటి నుంచి ఆ ఇంట్లో ఫోను స్పీకరు మీదే మాట్లాడుతుందని, మొగుడూ పెళ్ళాం ఒక మాట అనుకుంటే వీధి సగం వింటుందని అతనికేం తెలుసు. నువ్వు ఉత్తరం రాయడమే మంచిదైంది. నేను చెప్పాల్సింది ఒకటి ఉంది. అది స్పీకరులో చెప్పే మాట కాదు.

ముందు నువ్వు అడిగినవాటికి జవాబులు. నీళ్ళు రోజు మార్చి రోజు వస్తున్నాయి, తొట్టి నింపి పెట్టుకుంటున్నాను. శివరాత్రి పోయింది, చలి శివశివా అంటూ దానితోనే పోయింది. మధ్యాహ్నం మిద్దె మీద కాలు పెట్టలేం. మన గిరి పోయిన ఆదివారం అనంతపురం నుంచి వచ్చి, మోటారు విప్పి బాగుచేసి, రెండు పూటలు తిని వెళ్ళాడు. కన్నకొడుకై ఉండీ నా సంగటి చూసి పొట్ట పట్టుకొని నవ్వాడు. నువ్వు కెలికితే ముద్ద అవుతుంది, నేను కెలికితే ఉండలవుతుంది. ఆ విద్య ఇక ఈ జన్మకు రాదు.

నా నడుము గురించి మూడు చోట్ల అడిగావు. "నూనె కాచి సీసాకు పోసి పెట్టి వచ్చాను, రోజూ రాసుకుంటున్నావా, ఉప్పు మూటతో కాపడం పెట్టుకుంటున్నావా" అని. ఆ సీసా మూత కూడా తీయలేదు. కోప్పడకు. ఎందుకు తీయలేదో ఉత్తరం చివర్లో ఉంది. నువ్వు ఇప్పుడే కాగితం తిప్పి చివర చూస్తావని తెలుసు. చూడొద్దు. నా మాట ఒక్కసారైనా విను.

కాలేజీ వాళ్ళు నాకు శాలువా కప్పుతారన్నది నిజమేనా అని అడిగావు. నిజమే. ఇరవై ఎనిమిదిన, సైన్సు దినం నాడు అనుకున్నారు. ముప్పై రెండేళ్ళు బీకర్లు కడిగిన ల్యాబ్ అటెండర్ని అదే ల్యాబు ముందు కుర్చీలో కూర్చోబెడతామన్నారు. నేను టెలిస్కోపులో చూస్తున్నట్టు ఫోటో పెట్టి ఫ్లెక్సీ కూడా కొట్టించారు. దాని కథా చివర్లోనే ఉంది.

ఇక వదిన అడిగిన ప్రశ్న. "ఆకాశంలో అన్ని చుక్కలుండగా మీ ఆయప్ప ఆ ఒక్క ఎర్ర చుక్కనే ఏంటికి చూస్తాండాడే, దానికేమన్నా మొక్కుకొన్నాడా" అందని రాశావు. ఆమెకు ఇట్లా చెప్పు. మిథున రాశి పక్కన ఒక చుక్క ఉంది. ఉత్త కంటికి ఆనదు, టెలిస్కోపులో మాత్రం పొయ్యిలో చివర మిగిలిన నిప్పు కణికలా ఉంటుంది. అది ఒకసారి నిండుగా వెలుగుతుంది, మెల్లగా తగ్గుతుంది, మళ్ళీ వెలగడానికి ఏడెనిమిది నెలలు పడుతుంది. 1998లో మా రామలింగయ్య సారు ల్యాబు తాళం వేస్తూ నాతో అన్నాడు, "లక్ష్మీపతీ, దీన్ని ఎవరూ కుదురుగా చూసేటోళ్ళు లేరు. నువ్వు పట్టుకో. రోజుకొక అంకె రాయి, సాలు." సారు పోయి పదేళ్ళయింది. అంకె మాత్రం ఆగలేదు. మొక్కు అంటే మొక్కే అనుకోమను.

అంకె ఎట్లా వస్తుందో వదినకు నువ్వే బాగా చెప్పగలవు. ఎర్రదాని పక్కన వెలుగు మారని తెల్ల చుక్కలు రెండున్నాయి. వాటికి పెద్దత్త, చిన్నత్త అని పేర్లు పెట్టింది నువ్వే కదా. ఎర్రది పెద్దత్త కంటే ఎంత తక్కువ, చిన్నత్త కంటే ఎంత ఎక్కువ అని కంటితో తూచి చెప్పాలి. సారు ఒక కట్టుబాటు పెట్టాడు. చూసేవాళ్ళు రాయకూడదు. రాస్తే నిన్నటి అంకె కంటబడి ఈనాటి చూపు దాని వైపే ఒరుగుతుంది. అందుకే మొదటి నుంచి నేను చూసి చెప్పేవాణ్ణి, నువ్వు ఎర్ర కాగితం చుట్టిన టార్చి పెట్టుకొని పుస్తకంలో రాసేదానివి. నాలుగేళ్ళుగా నా నడుము పుణ్యమా అని తారుమారైంది. నువ్వు చూస్తావు, నేను రాస్తాను. నెలకొకసారి ఆ అంకెలన్నీ ఫోనులో కొట్టి, ఇట్లాంటి చుక్కల లెక్కలు దాచే సంఘానికి పంపేది నేను.

ఎర్రది ఎట్లుందంటావా? నువ్వు వెళ్ళింది డిసెంబరు ఐదున. ఈ రోజుకు డెబ్బై తొమ్మిది రోజులు. ఒక్క అంకె లేదు.

ఆ అంకెలు రాకపోవడం వల్లే ఈ కథంతా నడిచింది. ఫోన్లో నీకు చెప్పాను, బెంగళూరు నుంచి ఒకమ్మాయి వచ్చి వెళ్ళిందని. చెప్పింది అంతవరకే. ఆ అమ్మాయి పేరు పద్మప్రియ. ఊరు మన కదిరి పక్క నల్లమాడ, నాయన మెట్ట సేద్యం. ఈ రకం చుక్కల మీదే డాక్టరేటుకు పుస్తకం రాస్తోంది. మన ఎర్రదాన్ని ఇన్నేళ్ళు విడవకుండా చూసింది ఈ లోకంలో మనమేనట. రెండు నెలలుగా అంకెలు పడకపోయేసరికి పెద్దాయనకు ఏమైనా అయిందేమోనని సెలవు పెట్టుకొని, కళ్యాణదుర్గం బస్సెక్కి వచ్చేసింది. నన్ను సార్ సార్ అంటుంటే, "నేను సీసాలు కడిగినోణ్ణి తల్లీ" అన్నాను. అప్పటి నుంచి పెద్దనాయనా అని పిలిచింది.

మిద్దె మెట్ల మీద కూర్చొని ఉగ్గాని తింటూ తన ల్యాప్‌టాప్ తెరిచింది. మన అంకెలన్నీ చుక్కలుగా పెట్టి, ఇరవై ఏడేళ్ళు ఒకే బొమ్మలో గీసింది. పుష్పా, అది నువ్వు చూడాలి. మన బతుకంతా ఒక జానెడు బొమ్మలో ఉంది. గిరికి టైఫాయిడ్ వచ్చిన నెల ఖాళీగా ఉంది. మా నాయన పోయిన పది రోజులు ఖాళీగా ఉన్నాయి. మిగతాదంతా అల అల మాదిరి లేస్తూ పడుతూ నడుస్తుంది.

"ఈడ చూడు పెద్దనాయనా" అని ఒక చోట వేలు పెట్టింది. "2018 నుంచి చుక్క మెల్లగా వెలుగు పెరుగుతా వచ్చింది. మూడేండ్లు పెరిగి, ఇదో, ఈడ ఒక్క దెబ్బన పావు వంతు పడిపోయింది. ఆన్నుంచి ఇప్పటిదాకా అట్లే ఉండాది."

"ఎందుకు పడిందమ్మా?"

"అదే నా పుస్తకంలో నాలుగో అధ్యాయం. ధూళి మేఘం ఒకటి అడ్డం వచ్చి నిలబడింది అనుకుంటాండా. నలబై పేజీలు రాసినా. వచ్చే నెలాఖరుకు ఇయ్యాల."

నేను కళ్ళద్దాలు సర్దుకొని ఆ వేలి కింద తేదీ చదివాను. 2021 డిసెంబరు 11. ఉగ్గాని నోట్లోనే ఉండిపోయింది.

ఆ అమ్మాయి నా ముఖం చూడలేదు, చెప్పుకుంటూ పోయింది. ఈ ఎర్రది మామూలు చుక్క కాదట. దాని వెలుగును విడగొట్టి చూస్తే జిర్కోనియం, బేరియం లాంటి బరువు లోహాలు అంతా ఇంతా కావు, ఆ వయసు చుక్కలో ఉండకూడనన్ని ఉన్నాయట. "యాడివమ్మా అవి?" అని అడిగాను.

"తాను వండుకొన్నేవి కావు పెద్దనాయనా. దీనికొక జోడు ఉండాది. రెండూ ఒకదాన్నొకటి చుట్టుకుంటా తిరుగుతాంటాయి. ఆ జోడే ఒకప్పుడు పెద్దది. అది ముదిరి ఉబ్బినప్పుడు తన కడుపులో వండిందంతా దీని మీద పోసింది. పోసి, తాను చిన్నబోయి మసకైపాయ. ఇప్పుడు దాన్ని చూద్దామన్నా కనపడదు. ఇది అటూ ఇటూ ఊగుతాండే దాన్నిబట్టి పక్కన ఒకటి ఉండాదని తెలుస్తాది."

"తానే వండుకోలేదని యట్ల తెలిసె?"

"టెక్నీషియం అని ఒకటి ఉండాది. వండిన ఇంట్లో తాలింపు వాసన మాదిరి. సొంతంగా వండే చుక్కల్లో ఆ వాసన ఉండాల. కొన్ని లక్షల ఏండ్లకు అది పోతాది. దీంట్లో ఆ వాసనే లేదు. అంటే ఎప్పుడో పక్కింటి నుంచి వచ్చిన కూర. ఊరోళ్ళంతా దీన్ని చూసి ఎంత బాగుండాదో అంటారు. ఇచ్చినది చీకట్లో ఉండాది."

తెలిసో తెలియకో ఆ పిల్ల చెప్పిన మాట నాకు సూటిగా తగిలింది. నేనేమీ అంత మొద్దును కాను, ఆ కథ ఎవరిదో అర్థమైంది. కాకపోతే మన కథలో కనబడని జోడు చిన్నబోయి మసకైపోలేదు, హుబ్బళ్లిలో అక్కకు కాఫీ కలుపుతోంది.

ఆ రోజు నోరు తెరవలేకపోయాను. ఆ అమ్మాయి మన పాత పుస్తకాలన్నీ ఫోనుతో ఫోటోలు తీసుకుంది. మూడు గంటల బస్సు ఎక్కించి, కిటికీలోంచి చెయ్యి ఊపితే ఊపి, ఇంటికొచ్చి పడుకున్నాను. ఐదు రోజులు నాతో నేనే కొట్లాడాను.

ఇప్పుడు చెప్తున్నాను. నువ్వు కూర్చొని చదువు.

2021 నవంబరు గుర్తుందా. వానలు దంచి కొట్టి, వంకలు పొర్లి, ఎన్నడూ నిండని చెరువులు నిండాయి. డిసెంబరులో మబ్బు పోయాక ఆకాశం కడిగిన పళ్ళెంలా ఉంది. పదో తేదీ రాత్రి భోంచేసి మిద్దెక్కి టెలిస్కోపుకు కన్ను ఆనిస్తే ఎర్రదాని చుట్టూ వెంట్రుకలు మొలిచినట్టుంది. పెద్దత్త మసక, చిన్నత్త లేనే లేదు. అద్దం తుడిచాను, కన్ను తుడిచాను, మళ్ళీ చూశాను. లోపం అద్దంలో లేదు. నా కుడి కంటిలో పొర వచ్చింది. అంతకు మూడేళ్ళ ముందు నుంచే వస్తూ ఉండాలి, నేను గుర్తుపట్టలేదు. ఆ రాత్రి నీకు ఏదో ఒక అంకె చెప్పాను, నువ్వు రాశావు. పుస్తకంలో నేను చెప్పిన దొంగ అంకె అదొక్కటే.

మర్నాడు నీతో నడుము పట్టేసిందన్నాను. వంగి చూడలేకపోతున్నాను, ఇకమీద నువ్వు చూడు, నేను రాస్తాను అన్నాను. నువ్వు నమ్మి, ఆ రాత్రే నూనె కాచావు.

పుష్పా, నా నడుముకు ఏనాడూ ఏమీ కాలేదు.

నాలుగేళ్ళు నువ్వు కూర్చొని నూనె రాసింది, ఉప్పు వేయించి మూట కట్టి కాపడం పెట్టింది గుండ్రాయిలాంటి నడుముకు. ఎందుకంటే చెప్తాను. కంటిలో పొర అంటే నువ్వు ఆపరేషన్ అంటావు. ఆపరేషన్ అంటే నాకు మా నాయన శివప్ప కనబడతాడు. క్యాంపులో కంటికి ఆపరేషన్ చేస్తే, కట్టు విప్పొద్దు, చెయ్యి పెట్టొద్దు అని వాళ్ళు నూరుసార్లు చెప్పి పంపారు. మూడో రోజుకే కట్టు విప్పి, శెనక్కాయ కళ్ళంలో దుమ్ములో నిలబడి, అదే చేత్తో కన్ను నలుపుకున్నాడు. ఆ కన్ను పోయింది. రెండో కన్ను చూపించుకోనని మొండికేసి అదీ పోగొట్టుకున్నాడు. పదకొండేళ్ళు ఆయన కట్టె కొస పట్టుకొని నడిపించింది నేను. తప్పు ఆపరేషన్‌ది కాదు, నాయన చేతిది. ఆ సంగతి నాకు అప్పుడే తెలుసు. తెలిసినా భయం పోలేదు.

రెండో తప్పు మొదటిదానికంటే పెద్దది. సంఘానికి అంకెలు పంపేటప్పుడు చూసినవారి పేరు అన్న చోట నా పేరే పెట్టాను. మొదట ఒక్క నెలే కదా అనుకున్నాను. ఆ తర్వాత అలవాటైంది. శెనక్కాయల మిల్లులో ముప్పై ఏళ్ళు గింజలు ఏరిన కన్ను నీది. రెండు గింజలు పక్కపక్కన పెడితే ఏది ఒక వాసి ఎరుపో వేలితో ముట్టకుండా చెప్తావు. నువ్వు చెప్పే అంకెలు నా అంకెల కంటే కుదురుగా ఉన్నాయని నాకు మొదటి నెలలోనే తెలుసు. తెలిసీ నా పేరు మీద పంపాను. నాలుగు వందల అరవై రెండు రాత్రులు చూపు నీది, పేరు నాది. సంఘం వాళ్ళు మెచ్చుకుంటూ పంపిన సర్టిఫికెట్ చట్రం కట్టించి గోడకు కొట్టినప్పుడు మేకు అందించింది నువ్వే.

నేను ఊరుకొని ఉంటే ఏమయ్యేదో ఆలోచించు. నా కంటి పొర ఆకాశంలో ధూళి మేఘమై, నలభై పేజీలై, అచ్చయి, ఆ పిల్ల పేరు మీద ఎప్పటికీ నిలబడేది. నాకు ఇంట్లో అబద్ధం చెప్పే ధైర్యం ఉంది కానీ ఆకాశం మీద చెప్పే ధైర్యం లేదు.

శుక్రవారం పొద్దున ఫోన్ చేసి పద్మప్రియకు అంతా చెప్పాను. అటు వైపు ఆ పిల్ల ఏడుస్తోందేమో అనుకున్నాను. "ఉండావా అమ్మా" అన్నాను.

"ఉండాను పెద్దనాయనా. పుస్తకాల ఫోటోలు చూస్తాండా. డిసెంబరు పదకొండు నుంచి రాత మారింది గదా. ముందు గుండ్రంగా ఉండేది, ఆన్నుంచి కోడి గీరినట్ల ఉండాది. ఇంటికి పోయిన రోజే చూసినా. అడిగేకి నోరు రాలేదు."

కోడి గీరినట్టున్నది నా రాత. గుండ్రంగా ఉన్నది నీది. దొంగతనం మన పుస్తకంలోనే రాసిపెట్టి ఉంది, చదివేవాళ్ళు లేక నాలుగేళ్ళు దాగింది.

"నీ అధ్యాయం పాయె గదమ్మా" అన్నాను.

"పోతే పోనీ. లేని ధూళి మీద డాక్టరు అనిపించుకొని నేనేం చేసుకునేది? వేరేది రాసుకుంటా." అని నవ్వింది. "మా ఇంట్లో గూడా ఇంతే పెద్దనాయనా. పాసుబుక్కు నాయన పేరు మీద, సేద్యం అమ్మది. నాకు కొత్తేం కాదులే."

తర్వాత విడమరిచి చెప్పింది. కంటిలో పొర పసుపు పట్టేకొద్దీ తెల్ల చుక్కలు మసకబారుతాయి, ఎర్రది మాత్రం అంతగా తగ్గదు. అందుకే నా అత్తలు ఇద్దరూ తగ్గుతూ, ఎర్రది వెలుగుతున్నట్టు మూడేళ్ళు నాకు కనబడింది. నీ కన్ను రాగానే నిజం కనబడింది. అంటే చుక్క ఎప్పుడూ పడిపోలేదు. నా ఆఖరి మూడేళ్ళ అంకెల పక్కన ఇప్పుడు అనుమానం గుర్తు పెడతారు. నీ నాలుగు వందల అరవై రెండింటిలో ఒక్కటి తీసేయరు. ఇది రాస్తుంటే నాకు సిగ్గుగా లేదు, గర్వంగా ఉంది. ఎందుకో అడగొద్దు.

ప్రిన్సిపాల్ దగ్గరికి శనివారం పోయాను. శాలువా ఒకటి చాలదు సార్, రెండు కావాలి, నా భార్య వచ్చేదాకా ఆగాలి అన్నాను. "ఫ్లెక్సీ అయిపోయింది గదప్పా లక్ష్మీపతీ, మళ్ళా ఏంది ఈ తిరకాసు" అని విసుక్కున్నాడు. కారణం మొత్తం చెప్పాక కళ్ళజోడు తీసి తుడుచుకొని, ఉగాది అయ్యాక పెట్టుకుందామన్నాడు. ఆ ఫ్లెక్సీ అడిగి ఇంటికి తెచ్చుకున్నాను. నీళ్ళ తొట్టి మీద కప్పాను, సరిగ్గా సరిపోయింది. నీళ్ళకు పోయినప్పుడల్లా నా ముఖం నేనే పక్కకు లాగుతున్నాను.

మార్చి ఐదున అనంతపురంలో నా కుడి కంటికి ఆపరేషన్. గిరి అన్నీ మాట్లాడాడు. పది రోజులు వాడింట్లోనే ఉంటాను. నిద్రలో కూడా కన్ను ముట్టకుండా నా చేతులు మంచానికి కట్టేయమని చెప్పాను. వాడు సరేనన్నాడు, కొంచెం సంతోషంగానే అన్నాడు. నువ్వు దీనికోసం పరుగెత్తుకొని రావద్దు. వదిన కర్ర లేకుండా నాలుగడుగులు వేసేదాకా అక్కడే ఉండు. ఎడమ కన్ను కూడా అదే దారిలో ఉంది, కానీ ఉత్తరాలకు ఇంకా పనికొస్తోంది. అక్షరాలు గీత దాటి ఉంటే సర్దుకొని చదువు.

నువ్వు ఏప్రిల్ మొదటి వారానికి వస్తే చాలు. అప్పటికి డాక్టరు నన్ను టెలిస్కోపు దగ్గరికి పోనిస్తాడు. మే నెల సగం దాకా ఎర్రది పడమట కనబడుతుంది. పద్మప్రియకు ఒక్క సాయం కావాలి. ఒకే రాత్రి ఇద్దరం చూడాలి, ఎవరి అంకె వాళ్ళు వేరే కాగితం మీద రాసి మడిచి డబ్బాలో వేయాలి, ఒకరిది ఒకరికి చెప్పకూడదు. నీ కంటికీ నా కంటికీ తేడా ఎంతో దాన్నిబట్టి తేలుతుంది. ముప్పై ఐదేళ్ళ కాపురంలో మనం ఒకరి మాట ఒకరు వినకుండా చేసే పని ఇదొక్కటే అవుతుంది.

గిరికి ఈ సంగతంతా చెప్తే వాడు నవ్వి ఒక మాట అన్నాడు. "నాయనా, పోయినేడు నువ్వు శెనక్కాయల మూట భుజానేసుకొని మిద్దెక్కితివి గదా. అమ్మ కిందే నిలబడి చూస్తాండె. నడుము నొప్పి ఉండేటోడు మూట ఎత్తుతాడా? అమ్మకు తెల్దంటావా?" అప్పటి నుంచి నాకు కుదురు లేదు. ఆ సాయంత్రం కూడా నువ్వు నూనె వెచ్చచేశావు. నీకు తెలుసా పుష్పా? తెలిసే రాశావా? నాకు భయమని తెలిసి, అది పోయేదాకా ఆగుదామనుకున్నావా? ఈ ఒక్కదానికి జవాబు రాయి. ఫోన్లో వద్దు.

సీసాలో నూనె అట్లాగే ఉంది. వదిన తుంటికి పనికొస్తుందేమో, గిరితో పంపుతాను.

ఈ ఉత్తరంతో పాటు ఒక కాగితం పెట్టాను. సంఘం వాళ్ళ ఫారం అది. పద్మప్రియ పంపింది. 2021 డిసెంబరు 11 నుంచి ఉన్న అంకెలన్నీ నీ పేరు మీదికి మార్చడానికి. ఊరు, తేదీలు, టెలిస్కోపు వివరం అన్నీ నింపాను. చూసినవారి పేరు అన్న గీత మాత్రం ఖాళీగా వదిలాను. ఇరవై మూడేళ్ళు ఆ పుస్తకాల్లో ఉన్నది నీ చేతిరాత, నీ పేరు ఒక్క పేజీలో లేదు. అది నేను రాయకూడదు. నీ గుండ్రటి అక్షరాలతో నువ్వే రాసి పంపు.

ఆ బొమ్మలో ఇప్పుడు చివర ఖాళీ ఉంది, డిసెంబరు ఐదు నుంచి. పద్మప్రియ అక్కడ ఏం రాయాలి పెద్దనాయనా అని అడిగింది. చూసే మనిషి హుబ్బళ్లిలో ఉంది అని రాయమన్నాను. అట్లాగే రాసింది.

ఇట్లు,
నడుము రాయిలా ఉన్న నీ భర్త,
లక్ష్మీపతి.